ఎముక తలుపు తెఱచిన పిదప

ఎడ్విన్ స్మిత్ పేరిట ప్రసిద్ధమైన, క్రీ.పూ. 1600 ప్రాంతపు ఈజిప్టు పపైరస్‌లో, మెడపూస తప్పి కాలుసేతులు చచ్చుబడినవాని ప్రస్తావన వచ్చినచోట, ఇది చికిత్స చేయదగిన వ్యాధి కాదను తీర్పు కనబడుచున్నది. ఆ తీర్పును ధిక్కరించుటకు మానవునకు వేల యేండ్లు పట్టెను. ధిక్కరించిన పిదపను శస్త్రవైద్యుని చేతికి దారి దొరకెనేగాని కంటికి దొరకలేదు.

ఎత్తునుండి పడినవాని వెన్నుపూస చితికినపుడు దాని ముక్క వెన్నుపాము మీదికి ముందువైపునుండి చొచ్చుకొనివచ్చును. వైద్యుడో రోగిని బోర్ల పరుండబెట్టి వెనుకనుండి పని సాగించును. పూస వెనుక పలకను తొలగించి, కమ్మీలు బిగించి వెన్నును సరిదిద్దినను, ఆ ముక్క తొలగెనో లేదో చూడవలెనన్న నడుమ వెన్నుపామే అడ్డము. దానిని పక్కకు నెట్టిచూచుట రోగికి మరల దెబ్బ కొట్టుటయే. ఎక్స్‌రే ఎముకను చూపును గాని మెత్తని నాడిని చూపదు.

గ్లాస్గోలో ఇయన్ డోనాల్డ్ 1958లో ప్రకటించిన పరిశోధన మొదలుకొని, ధ్వనితో దేహపు లోపలిని చూపు అల్ట్రాసౌండ్ గర్భిణీపరీక్షలలో క్రమముగా స్థిరపడెను. అయినను ఎముకల కోటలోనున్న వెన్నుపామును చేరుటకు ఆ ధ్వనికి శక్తి చాలదయ్యెను. ఆ కోటగోడను వైద్యుడే పడగొట్టుచున్నాడుగదా, చికిత్సకై తెఱచిన ద్వారము చూపునకును ద్వారము కారాదా యను యోచన నాకు మిక్కిలి గొప్పదిగా తోచును. షికాగోలో డోర్మన్, రూబిన్ అను వైద్యులు వెన్నుపాములోని తిత్తులను, కంతులను ఇట్లు చూచి 1982లో ప్రకటించిరి. 1984లో మయామీలో ఐస్మాంట్, గ్రీన్, క్వెన్సర్, మాంటల్వో ప్రభృతులు విఱిగిన వెన్నుపూసల శస్త్రచికిత్సకు దీనిని వినియోగించిన విధమును వెల్లడించిరి.

గాలి యున్నచోట ధ్వని చెదరును గనుక గాయమును లవణజలముతో నింపి, శుద్ధమైన తొడుగులోని, ధ్వనిని పంపు ప్రోబ్‌ను వెన్నుపామును తాకకుండ ఆ నీటిలో నిలుపుదురు. తెరమీద, వెన్నుపామును కప్పు డ్యూరా పొర తెల్లని గీతగాను, దాని క్రింద ద్రవము నల్లగాను, నడుమ సన్నని తెల్లరేఖ గల వెన్నుపాము మసకగాను గోచరించును. నాడి కొట్టుకొన్నపుడెల్ల అది అదరుచుండును. అడుగున ఎముక ముక్క జిగేలుమని మెఱసి వెనుక నీడ పఱచును. ముక్క తొలగినచో, వెన్నుపాము ముందర నల్లని ద్రవపు చార మరల తెఱచుకొనును. తొలగనిచో, గాయమును కుట్టకమునుపే వైద్యుడు మరల పూనుకొనవచ్చును.

దెబ్బ తగిలిన యేండ్లకు వెన్నుపాములో నీటితిత్తి పుట్టి మిగిలిన బలమును గూడ హరించు రోగులకు సైతము ఇది యుపకరించెను: గొట్టము వేసినంతనే తిత్తి కుంగుట తెరమీదనే కనబడును.

తెగిన నాడీతంతువును ఈ యంత్రము అతుకదు. కాని సియాటిల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రక్తములోనికి సూక్ష్మబుద్బుదములను పంపి, దెబ్బతిన్న ఎలుకల వెన్నుపాములో నెత్తురు ఎచట నిలిచిపోయెనో, చుట్టుపట్ల ఎచట మందగించియు పాఱుచున్నదో ఇదే ధ్వనితో గుర్తించుచున్నారు.