కుక్కపిల్ల రాకముందు: బొడ్డు చుట్టూ సూదుల చరిత్ర

ఇంటికి కుక్కపిల్లను తెచ్చుకోబోతున్నారా? గిన్నె, పడక, గొలుసు సిద్ధం చేసుకునే ముందు ఒక పాత భయం సంగతి తెలుసుకోండి. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 సూదులన్న మాట పెద్దల నోట వినే ఉంటారు. అది కట్టుకథ కాదు.

1885 జులైలో పారిస్‌లో లూయీ పాశ్చర్, కుక్కకాటుకు గురైన 9 ఏళ్ల జోసెఫ్ మైస్టర్‌కు, ఆరబెట్టిన కుందేలు వెన్నుపాముతో చేసిన టీకా ఇచ్చాడు. బాలుడు బ్రతికాడు. 1911లో మన కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు నుండి, వైరస్‌ను ఫినాల్‌తో చంపి, మరొక టీకా రూపొందించాడు. దశాబ్దాల పాటు మన ఆసుపత్రులలో పొట్టపై వేసినది అదే. అందులోని మెదడు కణజాలం వలన అరుదుగా కొందరికి పక్షవాతం వచ్చేది. సూదులు మధ్యలో మానినవారిని తప్పుపట్టలేము. 2004 చివరికి దేశంలో దాని తయారీ ఆగింది. నేటి టీకాలు నాలుగైదు మోతాదులే, అవీ భుజానికే.

సూదులు మారినా భయం పోలేదు. గోటిగీత పడినా పిల్లలు ఇంట్లో చెప్పరు. దాచవద్దని కుక్కపిల్ల రాకముందే వారికి చెప్పండి. దానికి మూడు నెలలు నిండగానే రేబిస్ టీకా వేయించండి; అంతవరకు వీధికుక్కలతో కలవనీయకండి. కుళాయి వద్ద సబ్బు ఉంచండి. కరిచినా, రక్కినా 15 నిమిషాలు ధారగా కడిగి, పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టక, ఆ రోజే వైద్యుని చూడండి.