రోషం కోపాన్ని వదిలి వచ్చిన కథ

కడప జిల్లా కమలాపురం వైపు ఎవరినైనా "వాడికి కోపం లేదబ్బా" అంటే మెప్పు. "వాడికి రోషం లేదబ్బా" అంటే తిట్టు. సంస్కృతంలో మాత్రం ఈ రెండూ దగ్గరి చుట్టాలు. రుష్ ధాతువుకు కోపగించుకోవడం అని అర్థం. దాన్నుంచి వచ్చిన రోషమూ కోపమే. హిందీలో నేటికీ రోష్ అంటే ఆగ్రహమే. మన పాత కావ్యాల్లోనూ అది కోపానికి మారుమాటగా నడిచింది.

మరి ఈ ఎడం ఎలా వచ్చింది? నాకు తోచేది ఇది: ఒకే పనికి రెండు మాటలు ఉన్నప్పుడు ఒకటి పక్కకు జరిగి వేరే పని చూసుకుంటుంది. కోపం జనం నోట స్థిరపడింది. రోషం అభిమానం వైపు జరిగింది. కోపం వస్తుంది, చల్లారుతుంది. రోషం పొడుచుకొస్తుంది, మనిషిలో ఉండిపోతుంది. నలుగురిలో మాట పడి, రెండు పంటలు ఒళ్లు వంచి బాకీ తీర్చిన రైతు రోషం గలోడు. పుట్టింట్లో చిన్నమాట పడి, పండక్కి పిలిచినా రాని ఆడబిడ్డదీ రోషమే.

"ఏం రా, ఉప్పూకారం తింటాండావా లేదా?" రోషం అనే మాట పలకకుండానే రోషాన్ని నిలదీసే ప్రశ్న ఇది. తమిళులూ రోషాన్ని ఉప్పుతోనే ముడిపెడతారు. వాళ్ల రోషమూ అభిమానం వైపు మొగ్గినదే. అంటే ఈ మలుపు తెలుగు ఒక్కదానిదే కాదు.

రోషం అనే ఈ మాటే రాయలసీమలో ప్రాణాలూ తీసింది. "నీకు రోషం లేదా" అని కుర్రవాళ్లను కక్షల్లోకి తోసిన పెద్దలున్నారు. ఆ వాడుకను దాచి, మెప్పును మాత్రమే చెప్పుకోవడం నాకు సమ్మతం కాదు.

జనం మాటలను పట్టించుకుని రాసుకోవడం ఈ నేలకు కొత్త కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. గ్రంథాల మాటలతో పాటు జనం మాటలకూ అందులో చోటిచ్చాడు. ఎర్రగుంట్ల దగ్గర రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేశారు. మనసుకు సంబంధించిన మాటలకూ అలాంటి పని జరగాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో పెద్దవాళ్లు రోషాన్ని ఏ సందర్భంలో, ఏ వాక్యంలో వాడుతున్నారో వాళ్లు పలికినట్టే రాసుకోవాలి.