కందపద్యంలో ఐదు గణాలే యేల?

కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడకు ఉత్తరాన బోధను ఉన్నది. పూర్వం దానిని పోదనమనేవారు. రాష్ట్రకూటులకు సామంతులైన చాళుక్యుల శాఖ ఒకటి మొదట అక్కడినుండి పాలించి, తరువాత వేములవాడకు తరలినది. ఆ వంశంలో రెండవ అరికేసరి కాలాన, క్రీ.శ. 945 ప్రాంతంలో, కన్నడ మహాకవి పంపని తమ్ముడు జినవల్లభుడు, నేటి కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్టమీద ఒక శాసనం చెక్కించినాడు. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ అందులో ఉన్నవి. తెలుగు భాగం కందపద్యాలు. నన్నయకు సుమారు నూరేండ్ల ముందే ఈ సీమలో కందం నిలదొక్కుకొన్నదని దానివల్ల తెలుస్తున్నది.

భాషాచరిత్రకారులు ఆ శాసనాన్ని గూర్చి చాలా వ్రాసినారు. మనం ఇక్కడ చూడబోయేది దానిలోని భాషను కాదు, కందం వెనుకనున్న లెక్కను. తొమ్మిదో తరగతి విద్యార్థి నడిగినా కందంలో వచ్చే గణాలు గగ, భ, జ, స, నల అని చెప్పును. ఇవి ఐదే యెందుకైనవి? ఆరవది ఒకటి ఉండకూడదా?

లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. కందంలో ప్రతి గణానికీ నాలుగు మాత్రలు. కనుక అసలు ప్రశ్న యిది: ఒకట్లు, రెండ్లు మాత్రమే వాడి నాలుగును ఎన్ని విధాల పేర్చవచ్చును? గణం చివరి అక్షరాన్ని చూడండి. అది లఘువైతే ముందున్నవి మూడు మాత్రలు. గురువైతే ముందున్నవి రెండు మాత్రలు. మరొక దారి లేదు. రెండు మాత్రలను పేర్చే విధాలు రెండు: గ, లల. మూడు మాత్రలకు మూడు: లగ, గల, లలల. కాబట్టి నాలుగింటికి 3 + 2 = 5. ఆరవ గణం కోసం వెదకటం వృథా. (మూడు మాత్రల మూడింటిలో గలము, నగణము మాత్రమే తెలుగున సూర్యగణాలైనవి. లగమును మనవారు వదలినారు. అది చెవి చేసిన నిర్ణయం, లెక్క చేసినది కాదు.)

ఈ సూత్రాన్ని మాత్రావృత్తాలకు స్పష్టంగా చెప్పినవాడు విరహాంకుడు. ఆయన కాలం 6, 8 శతాబ్దాల మధ్యనని పండితుల అంచనా. క్రీ.శ. 1150 ప్రాంతంలో హేమచంద్రుడు దానినే మళ్లీ చెప్పినాడు. ముందు రెండు సంఖ్యలను కూడితే తరువాతి సంఖ్య వచ్చును: 1, 2, 3, 5, 8, 13, 21. ఇటలీలో పీసా నగరపు లియొనార్డో, అనగా ఫిబొనాచి, కుందేళ్ల లెక్కలో ఈ సంఖ్యలనే 1202లో గ్రంథస్థం చేసినాడు. లోకమంతటా అవి ఆయన పేరుతో చలామణి అవుతున్నవి.

ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు వ్రాయటం నేర్చేవారికి మొదట ఇచ్చే లెక్కలలో ఒకటి మెట్ల లెక్క. ఒక్కొక్క అడుగుకు ఒక మెట్టుగాని, రెండు మెట్లుగాని యెక్కవచ్చు. ఇరవై మెట్లను ఎన్ని విధాల ఎక్కవచ్చును? మెట్టు స్థానంలో మాత్రను పెట్టండి. ఇది కందగణాల లెక్కే. జవాబు 10946.

అయితే జవాబు ఒకటే అయినా దానిని చేరే దారులు రెండు. ఇరవైని అడిగితే పంతొమ్మిదినీ పద్ధెనిమిదినీ అడగటం, పంతొమ్మిదిని అడిగితే మళ్లీ పద్ధెనిమిదినీ పదిహేడునూ అడగటం, యిలా వచ్చిన ఫలితాన్ని మరచిపోతూ ప్రతిసారీ మొదటికి వెళ్లటం ఒక దారి. ఆ దారిన యంత్రం 13529 సార్లు ప్రశ్న వేసుకోవలసి వచ్చును. చిన్న సంఖ్యలనుండి మొదలుపెట్టి, వచ్చినదానిని వరుసగా వ్రాసిపెట్టుకొంటూ పోవటం రెండవ దారి. దీనికి 18 కూడికలు చాలును. ఒక పనిని ఏ మెట్టు తరువాత ఏ మెట్టుగా చేయాలో తెలిపే విధానాన్ని అల్గారిథం అంటారు. నడుమ వచ్చిన ఫలితాలను అందుబాటుగా అమర్చిపెట్టే పట్టికవంటి ఏర్పాటు డేటా స్ట్రక్చర్. ఈ రెండింటిలో రెండవదానిని చిన్నచూపు చూడరాదు. పై లెక్కలో పదమూడువేలను పద్ధెనిమిదికి దించినది పట్టికయే గదా!

అల్గారిథమనే మాట తొమ్మిదవ శతాబ్దంలో బాగ్దాదులో ఉన్న అల్ ఖ్వారిజ్మీ పేరునుండి వచ్చినది. దాదాపు ఆ కాలంలోనే, రాష్ట్రకూట అమోఘవర్షుని (814–878) ఆదరంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం వ్రాసినాడు. కొన్ని వస్తువులనుండి కొన్నింటిని ఎన్ని విధాల ఏరవచ్చునో తెలిపే సామాన్యసూత్రాన్ని అందులో చెప్పినాడు. మిశ్రకవ్యవహారమనే ప్రకరణంలో ఛందస్సు లెక్కలకే కొంత చోటిచ్చినాడు. ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం అనే మాటలు మన విద్యార్థులకు కొత్తగా తోచవచ్చును గాని, వాటిలో ఉన్నది పాఠశాలలోనే చేసి చూడదగినంత తేలికైన లెక్క.

మూడు అక్షరాల గణాలను ఒకటీ తప్పకుండా, ఏదీ రెండుసార్లు రాకుండా వ్రాయటం ప్రస్తారం. మొదటి వరుస గగగ. తరువాతి వరుసకు నియమం యిది: పై వరుసలో ఎడమనుండి మొట్టమొదటి గురువు క్రింద లఘువు పెట్టాలి. దాని కుడివైపు పైనున్నట్లే దింపాలి. ఎడమవైపు అంతా గురువులతో నింపాలి. అంతా లఘువులే వచ్చినప్పుడు ఆగాలి. చేసి చూస్తే మ, య, ర, స, త, జ, భ, న అనే ఎనిమిది గణాలూ ఆ వరుసలోనే దిగివచ్చును. చేసేవాడు ఛందస్సు తెలియనివాడైనా తప్పు రాదు. యంత్రానికి అప్పగించదగిన పనికి లక్షణం అదే.

గణాలను గుర్తుపెట్టుకొనటానికి మనం వల్లించే యమాతారాజభానసలగం కూడ ఒక చమత్కారపు అమరిక. ఎనిమిది గణాలకు మూడేసి అక్షరాల చొప్పున ఇరవైనాలుగు కావాలి. ఇందులో ఉన్నవి పది. ఏ అక్షరంనుండి మూడు తీసుకొంటే ఆ అక్షరంతో పేరున్న గణం వచ్చును; ఒకదాని తోక మరొకదానికి తల. ఇటువంటి వరుసలకు ఇప్పుడు డచ్చి గణితజ్ఞుడు డి బ్రూయిన్ పేరు పెట్టి పిలుస్తున్నారు. ఆయన వ్యాసం 1946 నాటిది.

ఇక నష్టం. ఉత్పలమాలకు పాదంలో ఇరవై అక్షరాలు. ఇరవై అక్షరాల ప్రస్తారంలో వరుసలు 1048576. అందులో ఉత్పలమాల 355799వది. నిమిషానికొక వరుస చొప్పున రాత్రింబవళ్లు వ్రాస్తూ పోతే ఆ వరుసకు చేరటానికి 247 రోజులు పట్టును. నష్టవిధికి ఇరవై అడుగులు చాలు. సంఖ్య సరి అయితే లఘువు వ్రాసి సగం చేయాలి. బేసి అయితే గురువు వ్రాసి, ఒకటి కలిపి సగం చేయాలి. 355799 బేసి, గురువు. ఒకటి కలిపి సగం 177900. అది సరి, లఘువు, 88950. మళ్లీ లఘువు; 44475. ఇది బేసి, గురువు. గలల అనే భగణం అప్పుడే పూర్తియై రగణం మొదలైనది! మిగిలినదానిని విద్యార్థులు కానిస్తే చివరి లగముదాకా సరిపోవును. పట్టిక మొత్తం వ్రాయకుండానే అందులో ఒక వరుసను చేరటం ఎంత లాభమో దీనివల్ల తెలియును.

పింగళుని ఛందస్సూత్రాలలో ఉన్న సంఖ్యావిధి యింతకంటె సొగసైనది. ఆయనను సాధారణంగా క్రీస్తుపూర్వపు చివరి శతాబ్దాలకు చెందినవానిగా భావిస్తారు. ఇరవై అక్షరాలకు వృత్తాలెన్నియో తెలియాలంటే రెండును పంతొమ్మిదిసార్లు రెట్టించనక్కరలేదు. ఇరవైని 10, 5 అని సగం చేసుకొంటూ, బేసి వచ్చినచోట ఒకటి తీసివేస్తూ క్రిందికి దిగాలి: 20, 10, 5, 4, 2, 1, 0. తిరిగి వచ్చేటప్పుడు ఒకటితో మొదలుపెట్టి, ఒకటి తీసినచోట రెట్టింపు, సగం చేసినచోట వర్గం: 2, 4, 16, 32, 1024, 1048576. ఆరు అడుగులు. గుణశ్రేఢికి మహావీరుడు ఈ మార్గాన్నే వాడినాడు. పెద్ద ఘాతాలకు నేటి ప్రోగ్రాములు పట్టే దారీ యిదే.

మహావీరుని గ్రంథాన్ని పదకొండవ శతాబ్దంలో పావులూరి మల్లన సారసంగ్రహ గణితంగా తెనిగించినాడు. రాజరాజనరేంద్రుని కాలం, అనగా నన్నయ కాలం. కావ్యభాషగా తెలుగు స్థిరపడుతున్న రోజుల్లోనే గణితం చెప్పే తెలుగు కూడ పుట్టినదన్నమాట. ఈ రెండవ సంగతి మన సాహిత్యచరిత్రలలో ఒక పేరాతో ముగుస్తుంది. నాకది అన్యాయంగా తోచును. మల్లన చదరంగపు 64 గడులలో ఒకటినుండి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని ఒక పద్యంలో బంధించినాడు. చంద్రుడంటే 1, శరమంటే 5 అనే లెక్కన, ఒకట్ల స్థానంనుండి పైకి చెప్పుకొంటూ పోయిన ఆ సంఖ్య 18446744073709551615. అరవైనాలుగు బిట్ల కంప్యూటరు ఒక గడిలో, గుర్తు లేకుండా, పట్టించగల పూర్ణసంఖ్యలలో అతి పెద్దది సరిగ్గా ఇదే. రెండింటిలోనూ ఉన్నవి అరవైనాలుగు రెట్టింపుల గడులే గనుక ఇందులో వింత లేదు.

ఇంతమాత్రాన మన పూర్వులకు కంప్యూటరు తెలుసునని సంబరపడటం తగదు. వారికి యంత్రం లేదు. పింగళుడు గురులఘువులను అంకెలుగా భావించి కూడికలు, తీసివేతలు చేయలేదు. ఆయన సూత్రాలు ఎంత పొట్టివంటే, పదవ శతాబ్దంలో హలాయుధుడు వ్యాఖ్య వ్రాసి, మేరుప్రస్తారమనే త్రికోణపు పట్టిక గీసి చూపవలసి వచ్చినది. విధి ఉన్నది, అది యెందుకు నిజమో చెప్పే ఉపపత్తి చాలచోట్ల లేదు. ఈ కొరతలు ఒప్పుకొన్నా, పని మిగిలే ఉన్నది. కంప్యూటరు శాస్త్రంలో పేరుపొందిన డొనాల్డ్ కనూత్ తన గ్రంథంలో భారతీయ ఛందశ్శాస్త్రాన్ని ప్రస్తావించినాడు. మన పాఠశాలల్లోనో, ఛందస్సు తెలుగు అయ్యవారిది, వర్గాలు లెక్కల అయ్యవారివి. బాన్సువాడ పిల్లవాడు ఒక గంటలో భగణం, మరొక గంటలో ఘాతాంకం వేరువేరుగా వల్లించి, మెట్ల లెక్కకు జవాబును మూడోచోట బట్టీపడుతున్నాడు.

తరగతిలో చేయించటానికి ఉద్దిష్టం మిగిలినది. ఇది నష్టానికి తిరుగు లెక్క: వృత్తం తెలుసు, వరుస సంఖ్య కావాలి. పాదంలోని అక్షరాల క్రింద ఎడమనుండి 1, 2, 4, 8 అని రెట్టిస్తూ వ్రాయాలి. లఘువుల క్రిందివి మాత్రం కూడి, ఒకటి కలపాలి. శార్దూలానికి మ, స, జ, స, త, త, గ, అనగా పంతొమ్మిది అక్షరాలు. లఘువులు ఎనిమిదే కనుక పలకమీదనే చేయవచ్చును. 149337 రావాలి.