కాలి ధమని నుంచి గుండెకు: కాథెటర్ చికిత్స తొలినాళ్లు

గుండెకు బెలూన్ వేయడం, స్టెంట్ అమర్చడం నేడు ఇంటింటా వినబడే మాటలే అయినా, ఈ చికిత్స మొదట కాలి ధమనిలో జరిగి, పదమూడేళ్ల తరువాత గానీ గుండెకు చేరలేదన్న సంగతి వైద్యచరిత్ర చదివేవారికి తప్ప పెద్దగా తెలియదు. కొవ్వు, సున్నం గోడలకు పేరుకొని కాళ్ల ధమనులు ఇరుకైపోయే జబ్బును పరిధీయ ధమనీవ్యాధి అంటారు. నాలుగడుగులు నడిస్తే పిక్కలు పట్టేసి, ఆగితే సర్దుకోవడం దీని లక్షణం కాగా, ముదిరితే రక్తం అందక కండ కుళ్లే గాంగ్రీన్ దశ వస్తుంది. ఈ చికిత్స రాకముందు ఆ దశలో బైపాస్ శస్త్రచికిత్సకు వీలుపడనివారికి కాలు తీసివేయడమే వైద్యం.

చర్మం కోయకుండా ధమనిలోకి వెళ్లే దారిని 1953లో స్వీడన్ రేడియాలజిస్టు సెల్డింగర్ చూపించాడు. సూది గుచ్చి, దానిలోంచి సన్నని తీగ పంపి, సూది తీసేసి, ఆ తీగ మీదుగా కాథెటర్ అనే మెత్తని గొట్టాన్ని జార్చే ఈ పద్ధతి రంగుమందు ఎక్కించి ఎక్స్‌రే తీయడానికే ఉద్దేశించినది. అదే గొట్టంతో అడ్డంకిని కూడా తొలగించవచ్చని అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో పనిచేసిన రేడియాలజిస్టు చార్లెస్ డాటర్‌కు తట్టింది. 1963లో ఒక రోగికి పరీక్ష చేస్తుండగా మూసుకుపోయిన కటిధమనిలోంచి కాథెటర్ అనుకోకుండా దూసుకుపోయి దారి చేయడం ఆయన నమ్మకాన్ని బలపరిచింది.

1964 జనవరి 16న, పాదం గాంగ్రీన్‌తో పాడవుతున్నా కాలు తీయించుకోవడానికి ససేమిరా అన్న 82 ఏళ్ల వృద్ధురాలి తొడ ధమనిలోకి డాటర్ ముందు తీగను పంపి, ఆ వెనుకనే మొన తేలిన టెఫ్లాన్ గొట్టాలను ఒకదాని మీదుగా మరొకటి తోసి ఇరుకును వెడల్పు చేశాడు. చల్లబడిన పాదం కొద్ది నిమిషాల్లోనే వెచ్చబడింది, ఆమె తరువాత రెండేళ్లకు పైగా సొంత కాళ్ల మీదే నడిచింది. సహచరుడు జడ్కిన్స్‌తో కలిసి ఆయన అదే ఏడాది ఈ పద్ధతిని ప్రచురించినా, అమెరికన్ సర్జన్లు దానిని తమ పొలిమేరలో చొరబాటుగానే చూశారు. రోగిని పంపుతూ, ధమనిని చూడండి గానీ బాగుచేసే ప్రయత్నం చేయవద్దని చీటీలో రాసినవారూ లేకపోలేదు. ఆ శంకలో వృత్తి అసూయ ఎంత ఉన్నా, న్యాయమూ కొంత ఉంది: ధమనిని ఎంత వెడల్పు చేయాలో అంత లావు గొట్టం గుచ్చినచోటి రంధ్రంలోంచే దూరాలి, పైగా తోసే ఒత్తిడికి పూడిక ముక్కలు విరిగి దిగువ నాళాలకు అడ్డుపడే ప్రమాదం ఉండేది.

ఆ చిక్కు ఐరోపాలో విడింది. జర్మనీలో జైట్లర్ అనే వైద్యుడు ఆదరించిన డాటర్ పద్ధతిని నేర్చుకొన్న వైద్యుడు ఆండ్రియాస్ గ్రుంట్‌సిగ్, సన్నగా లోపలికి వెళ్లి అక్కడ మాత్రమే ఉబ్బే బెలూన్ కోసం జూరిచ్‌లోని తన వంటింటి బల్ల మీద ఏళ్ల తరబడి గొట్టాలు కోసి, అతికించి, కట్టి చూశాడు. సాగే రబ్బరు బెలూన్ గట్టి పూడికను వదిలి రెండు పక్కలకు ఉబ్బిపోతుంది గనుక, నిర్ణీత వ్యాసం దాటని పీవీసీని ఎంచుకొని, 1974లో దానిని మొదట కాలి ధమనుల్లో, 1977 సెప్టెంబరు 16న గుండె ధమనిలో వాడాడు.

గుండెలో దక్కిన విజయం కాలిలో అంత తేలిగ్గా దక్కలేదు. తొడ ధమని పొడవైనది. నడకలో, కూర్చోవడంలో వంగుతుంది, మెలి తిరుగుతుంది, కండరాల ఒత్తిడికి లోనవుతుంది. ధమనిని తెరిచి ఉంచడానికి బెలూన్‌తో విప్పి అమర్చే ఉక్కు స్టెంట్ అక్కడ ఒకసారి నలిగితే తిరిగి కోలుకోదు. అందుకే నలిగినా మునుపటి ఆకారానికి వచ్చే నికెల్, టైటానియం మిశ్రమలోహమైన నిటినాల్‌తో చేసిన స్టెంట్లు కాలికి ప్రత్యేకంగా వచ్చాయి. నిటినాల్ చుట్టలను 1983లోనే జంతువుల ధమనుల్లో పరీక్షించినవాడు కూడా డాటరే.