నాలుక రాళ్లు



సొరచేప బాగుచేసిన వారికి తెలిసే ఉంటుంది, అందులో గట్టి ఎముక ఉండదు. మన చెవి తమ్మె పైభాగంలా వంగే మృదులాస్థే అంతా. అందుకే సముద్రంలో చచ్చిన సొర చాలావరకు కుళ్లి కరిగిపోతుంది. గట్టిగా మిగిలేవి పళ్లే. ఆ పళ్ల ఆకారాన్ని బట్టి చేపను పోల్చుకోవడం మనిషి ఎలా నేర్చుకున్నాడో ఈవేళ చెప్పుకుందాం.

పూర్వం యూరప్‌లో, ముఖ్యంగా మాల్టా దీవిలో, ముక్కోణపు రాళ్లు దొరికేవి. వాటిని 'నాలుక రాళ్లు' అనేవారు. పాము నాలుకలే రాళ్లయ్యాయని కొందరు, ఆకాశం నుంచి రాలాయని కొందరు అనుకునేవారు. విషానికి విరుగుడని మెడలో కట్టుకునేవారు, తాగే పాత్రలో ముంచేవారు. అవి సొర పళ్లేనని 1616లో ఇటలీ పండితుడు ఫాబియో కొలోన్నా రాశాడు. అయినా పాత నమ్మకం పోలేదు.

1666లో ఇటలీలోని లివోర్నో దగ్గర జాలర్లకు ఒక పెద్ద సొర చిక్కింది. ప్రభువు రెండవ ఫెర్డినాండో దాని తలను ఫ్లారెన్సుకు తెప్పించి, కోసి చూడమని డెన్మార్కు నుంచి వచ్చిన నికోలస్ స్టీనోకు అప్పగించాడు. స్టీనో ఏం చేశాడనుకున్నారు? ఆ నోట్లోని పళ్లను నాలుక రాళ్లతో పోల్చి చూశాడు. అచ్చం అదే ఆకారం! ఆ సంగతి 1667లో అచ్చువేశాడు. మరి సముద్రపు చేప పళ్లు నేల మీది రాళ్లలోకి ఎలా వచ్చాయి? ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న మట్టి పొరలే రాళ్లయ్యాయని 1669లో వివరించాడు. భూగర్భశాస్త్రానికి అదొక పునాది.

తర్వాత స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ, ఎవరూ కళ్లారా చూడని సొరలకు కూడా పళ్లను బట్టే పేర్లు పెట్టాడు. మెగలోడాన్ అలా వచ్చిన పేరే. 1872లో బయలుదేరిన ఛాలెంజర్ ఓడ పసిఫిక్ సముద్రపు అడుగును గాలించినప్పుడు, మాంగనీసు పట్టి నల్లబడిన ఇలాంటి పళ్లే పైకి వచ్చాయి. అంత లోతుకి దిగి చూసినవారు లేకపోయినా, పన్ను సాక్ష్యం చెప్పింది. గ్రేట్ వైట్ సొర పన్ను రంపపు అంచున్న ముక్కోణం. లోతు నీళ్లలో తిరిగే ఫ్రిల్డ్ సొర పంటికి మూడు కొనలు.

మన దగ్గరా పాము కరిస్తే రాయి అంటించేవాళ్లు ఉన్నారు. విషం లాగేస్తుందంటారు. ఏ రాయీ విషం లాగదమ్మా! ఆ వెతుకులాటలో పొద్దుపుచ్చకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. స్టీనో చేసిందల్లా ఒక్కటే: విన్నమాటను పక్కన పెట్టి, వస్తువును వస్తువుతో పోల్చి చూడడం. బియ్యంలో రాళ్లేరే మన కళ్లకు ఆ పని కొత్తదేం కాదు కదా!