స్లైగోకు అన్నీ ఆలస్యమే

1939 జనవరి. ఐర్లండ్‌కు వాయవ్య మూలన, అట్లాంటిక్ గాలికి ఎదురొడ్డి ఉన్న స్లైగో అనే చిన్న ఊరి రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉన్నారు మీరు. నిలబడ్డారనడం కంటే ఇరుక్కున్నారనడం నిజం. ముందున్న మనిషి తడి ఉన్ని కోటు మీ గడ్డానికి రాసుకుంటోంది. వెనక ఒక కుర్రాడు అడగకుండానే మీ భుజం పట్టుకుని మునివేళ్ల మీద లేస్తున్నాడు. ఇంజిన్ల బొగ్గు పొగ, ఇళ్ల పొయ్యిల్లో కాలే పీట్ మట్టిగడ్డల పొగ, ఇందరి ఊపిరి ఆవిరి, అన్నీ కలిసి పట్టాల మీద పలచటి తెరలా వేలాడుతున్నాయి.

"నిజంగా వస్తాడంటావా?"

"పేపర్లో వేశారుగా."

"పేపర్లో చాలా వేస్తారు."

ఆ అనుమానం న్యాయమైనదే. వచ్చేవాడు డిక్సీ డీన్. ఇంగ్లండ్‌లో ఎవర్టన్ జట్టు తరఫున 1927-28లో ఒక్క సీజన్‌లో 60 లీగ్ గోల్స్ కొట్టినవాడు. ఆ అంకెను అప్పుడూ ఎవరూ దాటలేదు, ఇప్పటికీ దాటలేదు. అంతకు ముందు 1926లో మోటారు సైకిల్ ప్రమాదంలో పుర్రె చిట్లి, ఇక బంతిని తలతో కొట్టే మాటే లేదనిపించుకున్నాడు. తర్వాత కొట్టిన గోల్స్‌లో తలతో కొట్టినవెన్నో! అలాంటివాడు ఈ మారుమూల జట్టులో ఆడటానికి సముద్రం దాటి వస్తున్నాడు. మన మండల కేంద్రం స్టేషన్లో ప్యాసింజర్ బండి దిగి, సంచీ భుజాన వేసుకుని, "గ్రౌండ్ ఎటు బాబూ?" అని గవాస్కర్ అడిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

బండి కూత వినపడింది. జనం ఒక్కసారి ముందుకు తూలారు. మీ టోపీ ఎటు పోయిందో తెలియదు. పెట్టె తలుపు తెరుచుకుని, నల్లటి ఉంగరాల జుట్టు, దిట్టమైన మెడ ఉన్న మనిషి మెట్టు మీద నిలబడ్డాడు. ఒక్క క్షణం అందరూ నోళ్లు మూసుకున్నారు. నిజంగా వచ్చాడని నమ్మడానికి ఆమాత్రం వ్యవధి కావాలి మరి. ఆ తర్వాత లేచిన కేక గరవోగ్ నది అవతలి ఒడ్డుకు కూడా వినపడి ఉంటుంది.

ముప్పై రెండేళ్లవాడు. ఆటగాడిగా పొద్దు వాలిందనే చెప్పాలి. స్లైగోకు ఆలస్యంగానే వచ్చాడు. ఈ ఊరి సంగతే అంత, ఏదీ వేళకు రాదు. ఇక్కడి బాల్యాన్ని జీవితమంతా రాసుకున్న కవి, మన రవీంద్రుడి ఆంగ్ల గీతాంజలికి ముందుమాట రాసిన యేట్స్, సరిగ్గా అదే నెల 28న దక్షిణ ఫ్రాన్స్‌లో కన్నుమూశాడు. యుద్ధం అడ్డుపడి, ఆయన అవశేషాలు ఊరి పక్కనున్న డ్రమ్‌క్లిఫ్ చర్చి ఆవరణకు చేరేసరికి 1948 సెప్టెంబరు అయింది. ఆలస్యం అమృతాన్ని కూడా విషం చేస్తుందంటారు మనవాళ్లు. స్లైగో వాళ్ల ముందు ఆ మాట అనకండి, నవ్వుతారు.

ఇప్పుడు షోగ్రౌండ్స్‌కు పదండి. పేరే చెబుతోంది, వ్యవసాయ ప్రదర్శనలు పెట్టుకునే చోటని. ఊళ్లోని రెండు చిన్న జట్లు కలిసి 1928 సెప్టెంబరులో స్లైగో రోవర్స్ అయ్యాయి. 1934లో జాతీయ లీగ్‌లో చేరారు, మూడేళ్లకే 1937లో లీగ్ గెలిచారు. చొక్కాలు ఎరుపు, తెలుపు. ఊరంతా ముద్దుగా పిలుచుకునే పేరు 'బిట్ ఓ రెడ్'. తెలుగులో చిటికెడు ఎరుపు అనుకోండి.

వాటర్‌ఫర్డ్ జట్టుతో ఆట. గట్టు మీద మీ పక్కనున్న ముసలాయన పైపు వెలిగించుకునే లోపే డీన్ గాల్లోకి లేచాడు. ఆ లేవడమే వేరు. బంతి కోసం కాదు, బంతి రాబోయే చోటు కోసం ముందే లేచి అక్కడ ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. మెడ ఒక్క విదిలింపు, వల కదిలింది. ముసలాయన అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. ఆయనకు తెలియలేదు. ఆట ముగిసేసరికి 7-1. అందులో ఐదు డీన్‌వి.

కాస్త అటు చూడండి. టోపీ కళ్ల దాకా దించుకుని, కోటు కాలరు పైకెత్తుకున్న ఇద్దరు కుర్రాళ్లు. చలికి కాదు. వాళ్లు ఐరిష్ గేలిక్ క్రీడా సంఘంలో సభ్యులై ఉంటారు. ఆ సంఘం దృష్టిలో ఇది ఇంగ్లీషు సిపాయిల ఆట. ఆడినా, చూసినా బహిష్కారమే. ఎవరెవరు వచ్చారో కనిపెట్టడానికి నిఘా మనుషులను కూడా పంపేవారు. మొన్న డిసెంబరులోనే, పోలండ్‌తో జరిగిన ఒక అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఆట చూసిన నేరానికి, సాక్షాత్తూ దేశాధ్యక్షుడు డగ్లస్ హైడ్‌నే తమ పోషకుల జాబితాలోంచి కొట్టేశారు. ఐరిష్ భాషను బతికించడానికి జీవితం ధారపోసిన మనిషిని! జాతీయత ఒక్కోసారి ఇంత చిన్నబుద్ధి చూపిస్తుంది. ఆ నిషేధం 1971 దాకా తొలగలేదు. కాబట్టి ఈ గట్టు మీద నిలబడటమంటే సరదా ఒక్కటే కాదు, కొందరికి కొంచెం తెగింపు కూడా.

డీన్ ఏడు లీగ్ ఆటల్లో పది గోల్స్ కొట్టాడు. లీగ్‌కు వేరుగా నడిచే జాతీయ కప్‌లో జట్టు ఫైనల్‌కు చేరింది. డబ్లిన్‌లోని డాలీమౌంట్ పార్కులో షెల్‌బర్న్‌తో 1-1. స్లైగో గోల్ డీన్‌దే. మళ్లీ ఆడించిన ఫైనల్లో 0-1తో ఓటమి. ఓడిన జట్టుకిచ్చే పతకం ఆయన జేబులో పడింది. అది కూడా కొద్ది రోజులే. హోటల్ గదిలోంచి ఎవరో కొట్టేశారు. ఆయన ఇంగ్లండ్ వెళ్లిపోయాడు. ఆ ఏడు సెప్టెంబరులో యుద్ధం వచ్చింది.

తర్వాతి ఏళ్లను ఒక్క ఊపులో దాటేద్దాం, ఎందుకంటే అవన్నీ ఒకేలా ఉంటాయి. 1940 ఫైనల్, ఓటమి. 1970లో బోహీమియన్స్‌తో ఫైనల్ రెండుసార్లు 0-0, మూడోసారి 1-2. ఓడటానికి కూడా మూడు ఆటలు పట్టింది. 1977లో మాత్రం లీగ్ చేతికొచ్చింది, మొదటిది గెలిచిన నలభై ఏళ్లకు.

1978 దగ్గర ఒక్క క్షణం ఆగండి. మళ్లీ కప్ ఫైనల్, ఎదుట షామ్‌రాక్ రోవర్స్. పాత అభిమానంతో ఆట చూడటానికి డీన్ వచ్చాడు. ఇప్పుడాయనకు డెబ్బై దాటాయి. కాలు తీసేసి రెండేళ్లయింది. డబ్లిన్ హోటల్ గదిలో ఆయన పక్కనే మీరు కూర్చున్నారనుకోండి. తలుపు కింద నుంచి ఒక చిన్న పొట్లం లోపలికి జారింది. పేరు లేదు, ఉత్తరం లేదు. విప్పితే, ముప్పై తొమ్మిదేళ్ల కిందట పోయిన ఆ పతకం.

ఎవరు తీశారో, ఎవరు తెచ్చారో ఎవరూ చెప్పలేదు. తీసినవాడి చేతే వెనక్కి వచ్చిందో, తండ్రి పెట్టె సర్దుతున్న ఏ కొడుకుకో దొరికిందో. నాకైతే రెండోదే నిజమై ఉంటుందనిపిస్తుంది. మర్నాటి ఆటలో స్లైగో ఓడింది, వివాదాస్పదమైన పెనాల్టీతో, 0-1. రెండేళ్లు తిరక్కుండా, 1980 మార్చి 1న, ఎవర్టన్ మైదానంలో లివర్‌పూల్‌తో ఆట చూస్తూ డీన్ చనిపోయాడు.

1981లో ఇంకో ఫైనల్, ఇంకో ఓటమి. మొత్తం ఐదు.

1983 ఏప్రిల్. డాలీమౌంట్ పార్కు. వాన. మామూలు వాన కాదు, మైదానాన్ని నాట్లు వేసే మడి చేసేసింది. బూట్లు పాదాల నుంచి ఊడిపోయేంత బురద. మీ చుట్టూ స్లైగో నుంచి తెల్లవారకముందే బయలుదేరిన జనం. చేతుల్లో నానిన కాగితపు జెండాలు, ఎర్ర రంగు కారి మణికట్ల దాకా పాకింది. ఇక్కడికి రావడానికి కూడా అవస్థే పడ్డారు. కోవ్ రాంబ్లర్స్ అనే, అప్పటికి జాతీయ లీగ్‌లోనే లేని జట్టుతో సెమీఫైనల్ తేలడానికి నాలుగు ఆటలు పట్టింది. ఎదుట మళ్లీ బోహీమియన్స్. ముందు గోల్ వాళ్లదే.

మీ పక్కనున్నావిడ జపమాల తీయలేదు, తిట్లూ అందుకోలేదు. సంచీలోంచి శాండ్‌విచ్ తీసి సగం విరిచి మీకిచ్చింది. ఐదుసార్లు ఓడినవాళ్ల నిబ్బరం అది. అంతలో టోనీ స్టెన్సన్ గోల్ కొట్టి సమం చేశాడు. శాండ్‌విచ్ బురదలో పడింది. ఆ తర్వాత హారీ మెక్‌లాఫ్లిన్ కాలి నుంచి లేచిన బంతి వానలో అలా సాగి సాగి, గోల్‌కీపర్‌ను దాటి వల్లో దిగింది. 2-1.

తర్వాత ఏం జరిగిందో మీకు సరిగా గుర్తుండదు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మీ మెడ చుట్టూ చేతులేసి ఏడ్చాడు. క్లబ్బు పుట్టిన యాభై ఐదేళ్లకు మొదటి కప్పు.

ఆ తర్వాత కప్పులు కాస్త త్వరగానే వచ్చాయి. 1994లో రెండో డివిజన్‌లో ఉంటూనే డెర్రీ సిటీని 1-0తో ఓడించి గెలిచారు. 2010లో డబ్లిన్‌లోని కొత్త అవీవా స్టేడియంలో 36,101 మంది మధ్య షామ్‌రాక్ రోవర్స్‌తో ఆట 0-0. పెనాల్టీలు. స్లైగో గోల్‌కీపర్ కియరన్ కెల్లీ ఎదుటివాళ్లు కొట్టిన నాలుగింటినీ ఆపేశాడు. ఒకటి ఆపితే హీరో అంటాం, రెండు ఆపితే పేరు చెప్పుకుంటాం. నాలుగు ఆపితే ఏమనాలో ఆ రాత్రి స్లైగోలో ఎవరికీ మాట దొరకలేదు. 2011లో, 2013లో కూడా కప్పు ఇక్కడికే వచ్చింది.

ఇక ఇప్పటి సంగతి. శనివారం సాయంత్రం డబ్లిన్ కానలీ స్టేషన్ నుంచి మూడు గంటలు రైల్లో కూర్చుని అదే ప్లాట్‌ఫారం మీద దిగండి. జనం తొక్కిడి ఉండదు. ఎండాకాలమైతే ఎనిమిది దాటినా వెలుతురు. 2003 నుంచి ఇక్కడి లీగ్ చలికాలం వదిలేసి వసంతం నుంచి శరత్తు దాకా నడుస్తోంది. ఉత్తరాన బల్లలా చదునైన బెన్ బుల్బెన్ కొండ, పడమట నాక్‌నరీ శిఖరం మీద మేవ్ రాణి సమాధిగా చెప్పుకునే రాళ్లగుట్ట. వీధుల్లో ఎర్ర మఫ్లర్లు ఒకటొకటిగా మొదలై, గేటు దగ్గరికి వచ్చేసరికి గుంపవుతాయి.

గేటు దగ్గర టికెట్ చింపే ఆయన జీతగాడు కాడు. లాటరీ టికెట్లు అమ్ముతున్నావిడా కాదు. ఈ క్లబ్బుకు కోటీశ్వరుడైన యజమాని లేడు. ఇది సభ్యులదే, మైదానం ఊరి ప్రజల తరఫున ట్రస్టీల చేతుల్లో ఉంది. ఇరవై వేల పైచిలుకు జనాభా ఉన్న ఊరు. ఆటగాళ్ల జీతాలకు ప్రతి సీజన్‌లోనూ చందాలు, లాటరీలు, విందులు కావలసిందే. డబ్లిన్ పెద్ద జట్లతో డబ్బులో సరితూగలేమని అందరికీ తెలుసు. ఆ సంగతి తెలిసీ చందా రాసేవాళ్లనే నేను అభిమానులంటాను, టీవీలో మాంచెస్టర్ గెలిచినప్పుడు కేకలేసేవాళ్లను కాదు.

ఆట మొదలైంది. వెనక వరసలో కుర్రాళ్ల డోలు. మీ ముందు తాతా మనవడూ. మనవడు మొదటి పావుగంటలోనే అడిగాడు, "ఇక్కడి నుంచి ఎవరైనా పెద్ద జట్టుకు వెళ్లారా తాతా?"

తాత మైదానం మీంచి చూపు తిప్పకుండానే చెప్పాడు, షేమస్ కోల్‌మన్ పేరు. డానెగల్ జిల్లా రేవు ఊరు కిల్లీబెగ్స్ కుర్రాడు. స్లైగోలో ఆడుతుంటే 2009 జనవరిలో 60,000 పౌండ్లకు కొనుక్కుపోయారు. ప్రీమియర్ లీగ్ లెక్కల్లో అది చిల్లర. ఆ చిల్లరకు దొరికినవాడు తర్వాత ఐర్లండ్ జట్టుకు కెప్టెన్ అయ్యాడు, తనను కొన్న క్లబ్బుకూ కెప్టెన్ అయ్యాడు. ఆ ధర మీదే అక్కడి అభిమానులు పాట కట్టుకున్నారు.

"ఏ క్లబ్బు?" అన్నాడు మనవడు.

"ఎవర్టన్."

డిక్సీ డీన్ ఆడిన క్లబ్బుకు డెబ్బై ఏళ్ల తర్వాత చెల్లించిన బాకీ. ఇక్కడ బాకీలు ఎగ్గొట్టరు, ఆలస్యం చేస్తారంతే.

లీగ్ టైటిల్ మూడోసారి 2012 అక్టోబరులో ఈ మైదానంలోనే ఖాయమైంది. సెయింట్ ప్యాట్రిక్స్ మీద 3-2. మొదటి టైటిల్‌కూ రెండోదానికీ మధ్య నలభై ఏళ్లు, రెండోదానికీ మూడోదానికీ ముప్పై ఐదు. ఈ వరస నమ్ముకుంటే తర్వాతిది ముప్పై ఏళ్లకు, అంటే 2042లో. వెళ్లదలుచుకుంటే అంతదాకా ఆగకండి, గేటు దగ్గర లాటరీ టికెట్ మాత్రం తప్పకుండా కొనండి.