నీలిమూత సీసా

తలుపు తోసుకుని లోపలికి రండి. తడిసిన కోటు విప్పి కుర్చీకి తగిలించండి. బయట నవంబరు వాన సన్నగా పడుతోంది. ఆరు కాకముందే చీకటి కమ్ముకుంది. ఇది బెల్జియం దక్షిణాన, ఆర్డెన్ కొండల అంచున ఉన్న రోష్‌ఫోర్. చిన్న ఊరు. మీ బల్ల పక్కనే కిటికీ, కిటికీ అవతల మీ అద్దె కారు. తాళంచెవి మీ జేబులో ఉంది. రాత్రికి మీరు గది తీసుకున్నది ఇక్కడ కాదు, ఆరు కిలోమీటర్ల అవతల, గుహలకు పేరుపడ్డ ఆన్-సుర్-లెస్‌లో. రోడ్డు వంకరటింకరగా ఉంటుంది. దారిపొడవునా తడి ఆకులు.

అది తర్వాతి మాట. ముందు ఏం కావాలో చెప్పాలి.

కౌంటరు వెనకనుంచి ఒక పెద్దావిడ చేతులు తుడుచుకుంటూ మీ దగ్గరికి వస్తోంది. మీకు ఫ్రెంచి రాకపోయినా ఇబ్బంది లేదు. ఇక్కడి బీరుకు ఊరి పేరే. ఆ పేరు చెప్పి, దాని వెనక ఒక అంకె చెబితే చాలు. ఆరు, ఎనిమిది, పది. ఆరుకు ఎర్రమూత, ఎనిమిదికి పచ్చమూత, పదికి నీలిమూత. మీరు ఇంతదూరం వచ్చింది నీలిమూత కోసమే. పది అనగానే ఆవిడ కిటికీలోంచి కారు వంక చూస్తుంది.

"మీదేనా?"

మీరు తలూపుతారు.

"అయితే నిదానంగా తాగండి," అని లోపలికి వెళుతుంది.

సీసా వచ్చింది. 330 మి.లీ. పొట్టి సీసా. పక్కన వెడల్పు మూతి, పొట్టి కాడ ఉన్న గ్లాసు. ఒక పళ్ళెంలో జున్ను ముక్కలు, ఆవపిండి ముద్ద. సీసాను పట్టుకుని చూడండి. మంచులా చల్లగా లేదు, గది కన్నా కాస్త చల్లగా ఉందంతే. మన దగ్గర బీరు సీసాకు చెమట పట్టకపోతే వెనక్కి పంపేస్తాం. ఇక్కడ కావాలనే 12 నుంచి 14 డిగ్రీల దగ్గర ఇస్తారు. మరీ చల్లబరిస్తే దీని వాసనలు ముడుచుకుపోతాయి. నాలుకా మొద్దుబారుతుంది. ఆవిడ మీ ముందు పెట్టింది సరైన సీసానే.

లేబుల్ చదవండి. పది అని పెద్ద అంకె, కిందెక్కడో 11.3 శాతం అని చిన్న అక్షరాలు. మరి ఆ పది దేనికి? అది పాత బెల్జియం కొలత. పులియబెట్టకముందు మాల్టు రసం ఎంత చిక్కగా ఉందో చెప్పే లెక్క. రసం ఎంత చిక్కనైతే ఈస్టుకు అంత మేత, సీసాలో అంత బలం. లేబుల్ మీద ఆరు మూలల చిన్న ముద్ర కూడా కనిపిస్తోంది. అది ట్రాపిస్టులనే క్రైస్తవ సన్యాసుల మఠాల సంఘం ఇచ్చేది. ఆ ముద్ర ఉన్న బీరును మఠం ఆవరణలోనే, సన్యాసుల పర్యవేక్షణలోనే కాయాలి. వచ్చిన డబ్బు మఠం పోషణకు, దానధర్మాలకు పోవాలి. ఆ మఠం మీరు కూర్చున్న చోటుకు రెండు కిలోమీటర్ల దూరంలోనే ఉంది. పేరు నోత్ర్ దామ్ ద సాఁ-రెమీ. అక్కడ 1595 నాటికే బీరు కాసేవారు. ఫ్రెంచి విప్లవం రోజుల్లో మఠం మూతపడింది. తర్వాత ట్రాపిస్టులు వచ్చి 1899లో బట్టీ మళ్ళీ వెలిగించారు. బీరుకు వాడే నీళ్ళు త్రిదేన్ అనే ఊట నుంచి వస్తాయి. పక్కనున్న సున్నపురాయి గనిని ఇంకా లోతుకు తవ్వితే ఆ ఊట దెబ్బతింటుందని సన్యాసులు కోర్టుకెక్కారు. 2021లో లియేజ్ అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. ఆ నీళ్ళే మీ చేతిలో ఉన్న సీసాలో ఉన్నాయి.

మూత తీయండి. చిన్నగా, గట్టిగా ఒక చప్పుడు.

ఇప్పుడు మీ చేతి పని. గ్లాసును పక్కకు వంచండి. సీసా మూతి గ్లాసు అంచుకు దగ్గరగా పెట్టి సన్నటి ధారగా పోయండి. ఆపకండి. మధ్యలో ఆపి సీసాను నిటారుగా ఎత్తితే అడుగున ఉన్న మడ్డి లేస్తుంది. అదేం చెడిపోయిన సరుకు కాదు. సీసాలో నింపేటప్పుడు కాస్త చక్కెర, కాస్త ఈస్టు మళ్ళీ వేసి మూత బిగిస్తారు. లోపల బీరు రెండోసారి పులుస్తుంది. నురగకు కావలసిన గాలి అక్కడే పుడుతుంది, పని ముగించిన ఈస్టు అడుగున పేరుకుంటుంది. గ్లాసు నిండుతోంది. నిటారుగా తిప్పండి. నురగ లేస్తోంది. లేత గోధుమరంగు నురగ, వేలెడు మందం. సీసాలో ఒక గుక్కెడు మిగిలింది. పోయాలా, వద్దా? పోస్తే బీరు మసకబారుతుంది, రొట్టెపిండి వాసన వస్తుంది. కొందరికి అదే ఇష్టం. నన్నడిగితే ఆ గుక్కెడు సీసాలోనే ఉంచండి. తర్వాత విడిగా రుచి చూడొచ్చు.

గ్లాసును దీపం ముందుకు ఎత్తండి. మొదట నల్లగా కనిపించింది, కాదు. అంచుల్లో ఎరుపు తిరిగిన ముదురు గోధుమరంగు. ఆ రంగు కొంత వేయించిన మాల్టుది, కొంత నల్లబడేదాకా కాచిన చక్కెరది.

ఇంకా తాగకండి. ముక్కు దగ్గర పెట్టుకోండి.

ముందు వచ్చేది పళ్ళ వాసన. నల్ల కిస్‌మిస్, ఎండు అంజీర్, ఖర్జూరం. దాని కింద, పొయ్యి మీద కాస్త ఎక్కువసేపు ఉండిపోయిన బెల్లం పాకం. గ్లాసును మెల్లగా ఒక్కసారి తిప్పి మళ్ళీ చూడండి. లవంగం ఉంది, మిరియం ఉంది, ఎక్కడో మాగిన అరటిపండూ ఉంది. సన్యాసులు ఇందులో లవంగాలు వెయ్యరు, అరటిపళ్ళు వెయ్యరు. మరి ఎక్కడివి? ఈస్టు పుట్టించినవి. మామూలు లాగర్ బీరును చల్లగా పులియబెడతారు, ఈస్టు నెమ్మదిగా, శుభ్రంగా పని చేస్తుంది. దీన్ని వెచ్చగా పులియబెడతారు. ఆ వేడికి ఈస్టు చక్కెర తింటూ ఆల్కహాలుతో పాటు ఈ వాసనలన్నీ విడుస్తుంది. నిజంగా వేసే మసాలా ఒకటుంది, అది మనకు బాగా తెలిసిందే. ధనియాలు. చాలా కొద్దిగా. ముక్కుతో వెతికితే అదని పోల్చలేరు. నారింజ తొక్కను తలపించే ఒక తేలికదనం మాత్రం తగులుతుంది.

మొదటి గుక్క. చిన్నది చాలు.

నాలుక మీద పడగానే బుడగలు పగిలి నోరంతా పరుచుకుంటుంది. తియ్యన. ఆ వెంటనే చాక్లెట్, తీపి తక్కువ ఉన్న నల్ల చాక్లెట్. తర్వాత ఎండుపళ్ళు. మింగేలోపు తీపి వెనక్కి తగ్గి సన్నటి చేదు వస్తుంది. ఆ చేదు హాప్స్ పువ్వులది, మాల్టుది. గొంతులో మిరియపు చురుకు. అంతే, నోరు తేటగా అయిపోయింది. మీరు ఎదురుచూసిన మంట రాలేదు.

ఒక్కసారి ఆగి చూడండి. 11.3 శాతం ఉన్న బీరు పాకంలా జిగటగా ఉండాలి, గొంతును కాల్చాలి. ఇది రెండూ చెయ్యలేదు. ఎందుకంటే దీని బలంలో కొంత భాగం మాల్టు నుంచి కాక విడిగా వేసిన చక్కెర నుంచి వచ్చింది. చక్కెర వేస్తే తియ్యగా అవుతుందని మనకు అనిపిస్తుంది. ఇక్కడ జరిగేది వేరు. ఈస్టు ఆ చక్కెరను దాదాపు మిగల్చకుండా తినేస్తుంది. ఆల్కహాలు మిగులుతుంది, చిక్కదనం పెరగదు. ఆల్కహాలుకుండే ఆ కాస్త ఘాటునూ పళ్ళ రుచి, బుడగలు కప్పేస్తాయి. ఈ బీరు గొప్పదనం అదే. దీని ప్రమాదమూ అదే. బలం ఎంతో నాలుకకు తెలియదు.

ఒక జున్ను ముక్కను ఆవపిండిలో అద్ది నోట్లో వేసుకోండి. ఆ ఉప్పదనం మీద ఇంకో గుక్క. జున్ను కొవ్వును బుడగలు కడిగేస్తాయి, చాక్లెట్ రుచి ఇంకాస్త పైకి తేలుతుంది. నంజుకోవడానికి కారప్పొడులూ మిర్చిబజ్జీలూ దీనికి పొసగవు. కారం తగిలితే ఆల్కహాలు మంట బయటపడుతుంది, పళ్ళ రుచి మాయమవుతుంది. జున్నో, వేయించిన బాదం పప్పులో చాలు.

పావుగంట గడిచింది. గ్లాసు మీ అరచేతి వేడికి కాస్త వెచ్చబడింది. మళ్ళీ వాసన చూడండి. ఇందాక లేనిదొకటి వచ్చింది. పోర్ట్ వైన్ లాంటి ఘాటు, పాత చెక్కపెట్టె వాసన. చాక్లెట్ కాఫీ వైపు తిరుగుతోంది. అరటిపండు వెనక్కి తగ్గింది. ఒకే గ్లాసు, పావుగంట తేడాతో వేరే బీరైపోయింది. గబగబా తాగేవాళ్ళు ఈ రెండోదాన్ని ఎప్పుడూ కలుసుకోరు. అది వాళ్ళకు నిజమైన నష్టం.

అరగంట. గ్లాసు సగమైంది. ఛాతీలో వెచ్చగా ఉంది. చెవుల అంచులు వేడెక్కాయి. పక్క బల్ల దగ్గర నవ్వులు ఇందాకటికన్నా దగ్గరగా వినిపిస్తున్నాయి. వాన ఆగిందో లేదో మీరు చూడటం మానేశారు.

ముప్పావుగంట. గ్లాసు ఖాళీ. అడుగున నురగ గీతలు. సీసాలో వదిలిన ఆ గుక్కెడు మడ్డిని విడిగా పోసుకుని రుచి చూస్తారు. రొట్టె, చేదు. బాగుంది.

పెద్దావిడ వచ్చింది. ఖాళీ సీసా తీసుకుంది. "ఇంకొకటి?"

మీ నోరు అవుననబోతోంది.

ఆగండి.

లేచి నిలబడండి. టాయిలెట్ కింద ఉంది, సన్నటి రాతి మెట్లు. మొదటి మెట్టు. బాగానే ఉంది. రెండోది. చెయ్యి తనంతట తానే గోడను పట్టుకుంది. మూడోది. పాదం అనుకున్నదానికన్నా ఆలస్యంగా ఆనింది. కొంచెమే. అయినా మీకు తెలిసింది.

అద్దంలో ముఖం ఎర్రగా ఉంది. లెక్క వేయండి. 330 మి.లీ.లో 11.3 శాతం. అంటే 37 మి.లీ. శుద్ధ ఆల్కహాలు. మన ఊళ్ళో 5 శాతం బీరు, 650 మి.లీ. పెద్ద సీసా తాగితే లోపలికి పోయేది 32 మి.లీ. పైచిలుకు. ఆ పెద్ద సీసాలో కన్నా ఈ చిన్న సీసాలోనే ఎక్కువ ఉంది. ఇంకొకటి తాగితే రెండు పెద్ద సీసాలు దాటిపోతారు.

మొదటిది ఇంకా పూర్తిగా రక్తంలో కలవలేదు. చివరి గుక్కలు ఇప్పుడే కడుపులోకి దిగాయి. మత్తు ఇంకా పెరుగుతుంది. మీరు ఇప్పుడున్న స్థితి శిఖరం కాదు.

మెట్లెక్కండి. గోడ పట్టుకునే.

కిటికీ. కారు. ఆరు కిలోమీటర్లు. పది నిమిషాల దారి. జేబులో చెయ్యి పెట్టారు. తాళంచెవి చల్లగా తగిలింది. బాగానే ఉన్నానే అనిపిస్తోంది. ఆ మాట అంటున్నది మీరు కాదు, ఆ 37 మి.లీ.

బెల్జియంలో హద్దు లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాలు. 70 కిలోల మనిషి ఈ ఒక్క సీసాతోనే దాన్ని తాకొచ్చు. తక్కువ బరువున్నవాళ్ళు దాటేస్తారు. మన దేశంలో హద్దు ఇంకా తక్కువ, 100 మి.లీ. రక్తానికి 30 మిల్లీగ్రాములు. పోలీసుల సంగతి పక్కన పెట్టండి. రోడ్డు తడిసి ఉంది. మలుపులున్నాయి. ఆకులున్నాయి. మూడో మెట్టు మీద మీ పాదం ఆలస్యమైంది. బ్రేకు మీద కూడా ఆలస్యమవుతుంది.

చెయ్యి బయటికి తీయండి. ఖాళీగా.

కౌంటరు దగ్గరికి వెళ్ళండి. "ఇక చాలండీ. నీళ్ళివ్వండి. ఒక టాక్సీ పిలుస్తారా?" ఆవిడ ఫోను అందుకుంటుంది. కారు రాత్రికి అక్కడే ఉంటుంది, రేపొచ్చి తీసుకోవచ్చని చేత్తో సైగ చేస్తుంది. మీరు నీళ్ళు తాగుతారు. ఒక గ్లాసు, ఇంకో గ్లాసు. భుజాలు దిగుతాయి. నోట్లో ఇంకా చాక్లెట్ రుచి ఉంది, గొంతులో ఇంకా లవంగం ఉంది. రెండో సీసా తాగి ఉంటే ఇవి తెలిసేవి కావు. మొద్దుబారిన నాలుకకు ఈ బీరు వట్టి తీపి, వట్టి వేడి.

టాక్సీ వచ్చేలోపు బిల్లు కట్టండి. మూత తీయని సీసా ఒకటి అడిగి తీసుకోండి.

ఎందుకంటే ఇది చాలా బీర్లలా నెలల్లో నీరసపడిపోదు. లోపల ప్రాణమున్న ఈస్టు ఉంది, బలం ఉంది. వెలుతురు తగలని చల్లని చోట, నిటారుగా నిలబెట్టి ఉంచితే కొన్నేళ్ళపాటు నిలవుంటుంది. మిరియపు చురుకు తగ్గుతుంది, ఖర్జూరం, పోర్ట్ వైన్ రుచులు పెరుగుతాయి. హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకుంటే మాత్రం అటక మీద పెట్టకండి. మన ఎండాకాలం దాన్ని ఒక్క ఏడాదిలో పాడుచేస్తుంది. ఫ్రిజ్‌లో, తలుపు అరలో కాకుండా లోపలి మూలన నిలబెట్టండి. తాగే ముందు ఒక అరగంట బయట పెట్టండి. ఇద్దరుంటే ఒకే సీసా రెండు గ్లాసుల్లో పోసుకోండి. ఇద్దరికీ సరిపోతుంది.